మాట ఆలస్యమైతే మనం ఆలస్యం చేయవద్దు
(మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. చదువు గురించి నాకంటే బాగా చెప్పగలిగిన ఉపాధ్యాయులు ఈ సభలోనే ఉన్నారు. అందుకని చదువుకు ముందు రావలసిన ఒక విషయం గురించి చెప్పదలచుకున్నాను. అది మాట. మాట వచ్చిన పిల్లవానికే అక్షరం వస్తుంది. ప్రశ్న అడగగలిగిన పిల్లవానికే పాఠం అర్థమవుతుంది. పక్కవానితో నాలుగు మాటలు కలపగలిగినవానికే బడి అంటే ఇష్టం కలుగుతుంది.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే మా మనవడికి మాటలు ఆలస్యమైనందువల్ల రెండేళ్ళ పాటు మైసూరులో అతని వెంట స్పీచ్ థెరపీకి వెళ్ళాను. అక్కడ విన్నవీ, చూసినవీ, తరువాత చదివి తెలుసుకున్నవీ మీ ముందుంచుతాను. మీ ఇంట్లో కాకపోయినా మీ వీధిలో ఒక పిల్లవానికి ఇవి పనికి రావచ్చు.

ఏ వయసుకు ఎంత మాట?

పిల్లలందరూ ఒకే రోజున మాట్లాడరు. కాని కొన్ని గుర్తులు అందరికీ వర్తిస్తాయి. ఏడాది నిండేసరికి బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. కావలసిన వస్తువును వేలితో చూపాలి. టాటా చెప్పడం, చేతులు చాచడం వంటివి చేయాలి. అత్త, తాత, అమ్మ వంటి ఒకటి రెండు మాటలు ఈ వయసుకు అటూ ఇటుగా వస్తాయి. రెండేళ్ళకు సుమారు 50 మాటలు ఉండాలి. "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండేసి మాటలు కలపాలి. మూడేళ్ళకు చిన్న చిన్న వాక్యాలు రావాలి. నాలుగేళ్ళు వచ్చేసరికి ఇంటికి వచ్చిన కొత్తవారికి కూడా వాడి మాట చాలావరకు తెలియాలి.

పదహారు నెలలైనా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోతే చూపించాలి. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఉచ్చారణ సంగతి వేరు. రెండు మూడేళ్ళ పిల్లలు కాకిని 'తాతి' అంటారు, రాముణ్ణి 'లాముడు' అంటారు. అది సహజం. ప, బ, మ వంటి పెదవుల శబ్దాలు ముందు వస్తాయి. క, గ తరువాత కుదురుకుంటాయి. ర, శ, ష, ళ ఇంకా ఆలస్యంగా వస్తాయి. నాలుగేళ్ళు దాటినా కాకి 'తాతి'గానే ఉంటే, ఆరేళ్ళు వచ్చినా 'ర' రాకపోతే థెరపిస్టును అడగాలి. ఆ తప్పును ముద్దు చేస్తూ మనం కూడా "తాతి వచ్చిందా?" అనకూడదు. పలకలేదని వెక్కిరించనూ కూడదు. "అవును, కాకి వచ్చింది" అని మనం సరిగా పలికితే చాలు. వాడు వింటాడు.

మనం చెప్పుకునే సమాధానాలు

మాట ఆలస్యమైనప్పుడు మన ఇళ్ళలో కొన్ని సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. "వాళ్ళ మేనమామకు కూడా ఐదేళ్ళకు వచ్చాయి" అంటారు. "మగపిల్లలకు ఆలస్యమే" అంటారు. ఆడపిల్లల కంటే మగపిల్లలు కొన్ని నెలలు వెనుక ఉండవచ్చు గాని, ఏళ్ళు వెనుక ఉండడం సహజం కాదు. మేనమామకు నిజంగా ఆలస్యమై ఉంటే అది ఇంకా త్వరగా చూపించుకోవడానికి కారణమే, ఊరుకోవడానికి కాదు. ఎందుకంటే ఇటువంటివి కుటుంబాలలో వచ్చే అవకాశం ఉంది.

వస అరగదీసి నాకించడం మన పాత అలవాటు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం కూడా దాని నుంచి వచ్చినదే. వసలో పసిపిల్లల శరీరానికి హాని చేసే పదార్థం ఉన్నదని డాక్టర్లు హెచ్చరిస్తారు. వసతో మాట రాదు. నాలుక కింద నరం కోయిస్తే మాటలు వస్తాయనేది మరొక నమ్మకం. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు, ఒకటి రెండు శబ్దాలు తేడాగా పలకవచ్చు. అంతేగాని అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. దేవునికి మొక్కుకోండి, ఎవరూ వద్దనరు. మొక్కుకున్న వారంలోనే చెవి పరీక్ష కూడా చేయించండి.

ముందు చెవి, తరువాత నోరు

థెరపీకి వెళ్ళినప్పుడు మొదట చూసేది చెవి. వినపడని మాటను పిల్లవాడు పలకలేడు. "తలుపు చప్పుడుకు తిరుగుతాడు గదా" అని మనం సరిపెట్టుకుంటాం. పెద్ద చప్పుడు వినపడి, మెల్లని మాట వినపడని చెవులుంటాయి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా కొన్నాళ్ళు వినికిడి తగ్గుతుంది. పుట్టిన బిడ్డ నిద్రపోతుండగానే చేసే పరీక్షలున్నాయి, నొప్పి ఉండదు. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల వైద్యమో యంత్రమో మొదలు కావాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన కులాలలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి సంబంధాలలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం అవకాశం పెరుగుతుంది. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మేనరికం ఉన్న ఇంట్లో బిడ్డ పుడితే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే చెవి పరీక్ష అడిగి చేయించుకోవాలని చెబుతున్నాను.

తెలుగు మానేయాలా?

మనం తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. తమిళనాడులో, ఒరిస్సాలో, మహారాష్ట్రలో ఉన్న మనవారిదీ ఇదే పరిస్థితి. పిల్లవానికి మాట ఆలస్యమైతే అందరూ మొదట అనేది, "ఇన్ని భాషలతో తికమక పడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేయండి" అని.

మా మనవడికి రెండున్నరేళ్ళప్పుడు చేర్చిన శిశువిహారంలో ఇదే చెప్పారు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలన్నారు. మా అమ్మాయి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. "అయితే నేను వానితో మాట్లాడకూడదా నాయనా?" అని అడిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఆమె. ఆమె నోరు కట్టేస్తే ఆ పిల్లవాడికి రోజంతా మాట వినిపించేది ఎవరు?

మరుసటి వారం థెరపిస్టును ఇదే ప్రశ్న అడిగాము. ఆమె చెప్పిన సమాధానం ఇక్కడున్న తల్లిదండ్రులందరూ గుర్తుపెట్టుకోవాలి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆలస్యం ఉన్న పిల్లవానికి ఒక భాష తగ్గించినంత మాత్రాన అది పోదు. ఆటిజం ఉన్న పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. ఇంట్లోవారు తమకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడాలి. రాని ఇంగ్లీషులో తల్లి నాలుగు ముక్కలు అంటుంది, వచ్చిన తెలుగులో నలభై మాటలు చెబుతుంది. ఏది లాభమో లెక్క వేసుకోండి.

మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలని కూడా ఆమె చెప్పింది. వాడు అవ్వ దగ్గర 'పాలు' అని, పనిమనిషి దగ్గర 'హాలు' అని అంటే రెండూ వాని మాటలే. నీళ్ళను ఇక్కడ నీరు అన్నా, మద్రాసులో తణ్ణి అన్నా, బరంపురంలో పాణి అన్నా పిల్లవానికి దాహం తీరాలి. ఆ సంగతి చెప్పగలగడమే మాట.

మా అమ్మ మాట్లాడడం మానలేదు. వాడు ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు. కొత్తవారి దగ్గర ఇంకా కొంచెం తడుముకుంటాడు. కాని మాట్లాడతాడు, మూడు భాషల్లోనూ.

ఇంట్లో చేయదగినవి

థెరపీ వారానికి రెండు మూడు సార్లు, ముప్పావు గంటో గంటో ఉంటుంది. మిగతా సమయమంతా ఇంట్లోనే. అందుకే మైసూరులో పిల్లవానితో పాటు తల్లిని కూడా కూర్చోబెట్టి నేర్పుతారు. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్టు వంటిది ఇది. రోజూ పదిహేను నిమిషాలు తప్పకుండా వేస్తే ఏడాదికి కనిపిస్తుంది. నెలకొకసారి రోజంతా కూర్చుంటే ప్రయోజనం లేదు. ఖర్చు లేనివి కొన్ని చెబుతాను.

ఒకటి, చేసే పనిని చెబుతూ చేయండి. స్నానం చేయించేటప్పుడు "చెయ్యి ఇవ్వు, చేతికి సబ్బు, ఇప్పుడు నీళ్ళు" అని చిన్న వాక్యాలలో చెప్పండి. కూరగాయలు తరిగేటప్పుడు వంకాయ, బెండకాయ చేతికిచ్చి పేరు చెప్పండి.

రెండు, ఒక మాట కలపండి. వాడు "ఆవు" అంటే మీరు "పెద్ద ఆవు" అనండి. "పెద్ద ఆవు" అంటే "పెద్ద ఆవు గడ్డి తింటోంది" అనండి. వాని కంటే ఒక్క మెట్టు పైన ఉండాలి, పది మెట్లు కాదు.

మూడు, అడిగే అవకాశం ఇవ్వండి. వాడు నోరు తెరవకముందే అన్నీ చేతికి అందిస్తే మాట అవసరమే రాదు. బిస్కట్ల డబ్బా మూత బిగించి ఇవ్వండి. అరటిపండు, జామపండు రెండూ చూపి ఏది కావాలో అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. మనలో చాలామంది రెండు లెక్కపెట్టేలోపే సమాధానం మనమే చెప్పేస్తాం.

నాలుగు, పరీక్ష పెట్టకండి. చుట్టాలు రాగానే "అంకుల్‌కు నీ పేరు చెప్పు, ఏనుగు ఏదీ, ఏ ఫర్ ఏమిటి" అని నిలబెట్టి అడిగితే మాట రావలసిన చోట భయం వస్తుంది.

ఐదు, దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళున్నాయి గదా. రోజూ ఒక బొమ్మ కథ చెప్పించండి. పెళ్ళి ఫోటోల ఆల్బమ్ తెరిచి ఇది ఎవరు, ఏం చేస్తున్నారు అని మాట్లాడండి. బొమ్మల పుస్తకం కంటే తెలిసిన ముఖాలు పిల్లలకు ఇష్టం.

కొవ్వొత్తులు ఊదించడం, బుగ్గలు పూరించడం వంటి కసరత్తులతో మాట వస్తుందని కొందరు చేయిస్తారు. ఆటగా మంచిదే. అయితే మాటకు మాటే సాధన. టీవీ, సెల్‌ఫోన్ సంగతి కూడా ఇంతే. రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు చూపవద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వరకు రోజుకు గంట మించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఫోన్ బొమ్మ ఎన్ని పాటలు పాడినా, పిల్లవాడు అన్నదానికి తిరిగి జవాబు చెప్పదు.

నలుగురిలో మెలగడం

కొందరు పిల్లలకు మాటలు వస్తాయి, నలుగురిలో వాడడం రాదు. తమ వంతు కోసం ఆగలేరు, బొమ్మ కావాలంటే లాక్కుంటారు, ఒకే విషయం పదిసార్లు చెబుతారు. వీరిని మొండివారని కొట్టడం వల్ల ఉపయోగం లేదు. నేర్పాలి.

దీనికి మన ఆటలను మించిన పాఠం లేదు. అష్టాచెమ్మా, వైకుంఠపాళి వంతు కోసం ఆగడం నేర్పుతాయి, ఓడినా మళ్ళీ గవ్వలు అందుకోవడం నేర్పుతాయి. చెమ్మచెక్కలో ఎదుటివారి ముఖం చూడకపోతే చేతులు కలవవు. దాగుడుమూతల్లో ఎదుటివాడు ఏం ఆలోచిస్తాడో ఊహించాలి. మొదట ఇంట్లో ఒక పెద్దవారితో, తరువాత ఒక్క స్నేహితునితో, ఆ తరువాతే గుంపుతో ఆడించాలి.

పెళ్ళికో జాతరకో తీసుకువెళ్ళే ముందు రోజు అక్కడ ఏం జరుగుతుందో వరుసగా చెప్పండి. కాగితం మీద నాలుగు బొమ్మలు గీసి చూపినా చాలు: బస్సు, మేళం, భోజనం, మళ్ళీ ఇల్లు. మేళం చప్పుడు ఎక్కువైతే ఎవరి చేయి పట్టుకోవాలో ముందే చెప్పండి. అంగడికి పంపి "కొత్తిమీర కట్ట ఇవ్వండి" అని అడిగించండి, మీరు రెండడుగులు వెనుక నిలబడండి. కళ్ళలోకి చూడమని గడ్డం పట్టి తిప్పవద్దు. కొందరు పిల్లలకు చూపు కలిపితే మాట వినడం కష్టమవుతుంది.

నత్తి గురించి

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు మొదటి అక్షరం దగ్గర తడబడతారు. ఎక్కువమందికి అది దానంతటదే పోతుంది. ఆరు నెలలు దాటినా పోకపోతే, మాట కోసం ముఖం బిగుసుకుంటే, పిల్లవాడు మాట్లాడడానికే వెనుకాడితే చూపించాలి. "మెల్లగా చెప్పు, ఊపిరి పీల్చుకుని చెప్పు" అని వాణ్ణి సరిదిద్దే బదులు మనమే మెల్లగా మాట్లాడాలి. వాక్యం వాని బదులు మనం పూర్తి చేయకూడదు.

ఇక్కడున్న పెద్ద విద్యార్థులలో నత్తి ఉన్నవారుంటే ఒక మాట. నత్తి తెలివితక్కువకు గుర్తు కాదు, భయానికి గుర్తు కాదు. వైవా పరీక్షకు ముందు అధ్యాపకునితో "నాకు నత్తి ఉంది, కొంచెం సమయం ఇవ్వండి" అని చెప్పుకోవడంలో సిగ్గు లేదు. పెద్దయ్యాక కూడా థెరపీ ఉపయోగపడుతుంది. వెనుక బెంచీలో నవ్వే స్నేహితులకు కూడా నేను ఒక్కటే చెబుతాను: నవ్వకండి, ఆగి వినండి.

ఎక్కడికి వెళ్ళాలి?

కర్ణాటకలో ఉన్నవారు అదృష్టవంతులు. మైసూరు మానసగంగోత్రిలో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఉన్నది. కేంద్ర ఆరోగ్య శాఖ నడుపుతుంది. బెంగళూరులో నిమ్‌హాన్స్‌లోనూ ఈ విభాగం ఉంది. మహారాష్ట్రవారికి బొంబాయి బాంద్రాలో 1983లో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. ఆ పేరుగల పెద్దమనిషి మన హైదరాబాదువాడే, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. ఆ సంస్థకు సికింద్రాబాదులో, భువనేశ్వర్ దగ్గర శాఖలున్నాయి. చెన్నైవారికి ముట్టుకాడులో 2005లో వచ్చిన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. యానాంవారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగం దగ్గర. అంత దూరం పోలేనివారు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గురించి అంగన్‌వాడీలో అడగండి. వారు పిల్లవాణ్ణి చూసి జిల్లా కేంద్రానికి ఉచితంగా పంపుతారు.

ఇక కాగితాల సంగతి. అది నాకు తెలిసిన విద్య. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో వినికిడి లోపం, వాక్కు భాషా లోపం, ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బంది కూడా ఉన్నాయి. 40 శాతం లేదా అంతకు మించి అని సర్టిఫికెట్టు ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యకు హక్కుంది. తొమ్మిదో తరగతి నుంచి కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. పూర్తిగా వినపడని చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు వేయించే కేంద్ర పథకం ఉంది. అది ఐదేళ్ళ లోపు వారికి, కనుక వయసు దాటకముందే కదలాలి. ప్రతి కాగితానికి మూడు నకళ్ళు తీసి ఒక ఫైలులో పెట్టుకోండి. పిల్లవాని పేరు, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకే విధంగా ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే దరఖాస్తు తిరిగి వస్తుంది.

విద్యార్థులకు ఒక విన్నపం

పి.యు.సి.లో సైన్సు చదువుతున్న పిల్లలందరూ డాక్టరు, ఇంజనీరు అంటారు. ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అనే డిగ్రీ కూడా ఉన్నదని తెలుసుకోండి. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. మైసూరు సంస్థలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఎక్కడ చేరినా ఆ కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో ముందు చూసుకోండి. ఆసుపత్రుల్లో, బడుల్లో ఈ చదువుకు అవసరం ఉంది, చేసేవారు తక్కువ.

మీకు ఒక ఆస్తి అదనంగా ఉంది. మీకు తెలుగు వచ్చు, కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వచ్చు. రెండు భాషల ఇంటి నుంచి వచ్చిన తల్లి కన్నీళ్ళు పెట్టుకుని "నేను నా బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలమ్మా?" అని అడిగినప్పుడు ఆమె భాషలోనే జవాబు చెప్పగల థెరపిస్టు కావాలి. మన ట్రస్టు ఈ చదువుకు కూడా ఉపకార వేతనం ఇవ్వాలని ధర్మకర్తలను ఈ వేదిక నుంచి కోరుతున్నాను.

తల్లిదండ్రులకు చివరిగా చెప్పేది ఇదే. అనుమానం వస్తే వచ్చే పుట్టినరోజు దాకా ఆగకండి. అనుమానం తప్పయితే ఒక పూట పోతుంది, నిజమైతే ఒక ఏడాది మిగులుతుంది. పిల్లల మొదటి ఐదేళ్ళలో ఒక ఏడాది అంటే చాలా పెద్ద మొత్తం.